నిర్మల్: కోటల ఊరు, లావా పరిచిన నేల

నిర్మల్ పట్నం రెండు రకాల రాళ్ల సరిహద్దుకు దగ్గరగా ఉంది. ఊరికి దక్షిణాన గోదావరి వైపు ఉన్నది తెలంగాణలో ఎక్కడైనా కనిపించే పాత గ్రానైటు నేల. దాని వయసు 250 కోట్ల సంవత్సరాల పైమాటే. ఉత్తరాన సహ్యాద్రి శాఖ అయిన సాత్మాల గుట్టలు ఎక్కి ఆదిలాబాద్ దిక్కుగా సాగేకొద్దీ, పడమట భైంసా, ముధోల్ దిక్కుగా పోయేకొద్దీ నల్లరాయి మొదలవుతుంది. బసాల్ట్ అనే ఈ రాయి ఒకప్పుడు లావా. నిర్మల్ చుట్టూ నడక పెట్టుకునేవారు ముందుగా చూసుకోవలసిన పటం ఇదే. ఇక్కడి కోటలు, చెరువులు, పత్తి చేలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుసుకోవాలన్నా ఈ రెండు రాళ్ల నుంచే మొదలుపెట్టాలి.

ఆ లావా సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. అగ్నిపర్వతం అనగానే కళ్ల ముందు మెదిలే శిఖరం ఇక్కడ ఎన్నడూ లేదు. పడమటి భారతంలో భూమి పొడవాటి పగుళ్లుగా చీలి, వాటిలోంచి లావా పొంగి, పొర మీద పొరగా పరుచుకుంది. కోతకు గురై పోయినంత పోగా ఈనాటికీ అది సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలి ఉంది. ఆదిలాబాద్ ప్రాంతం దాని తూర్పు అంచుల్లో ఒకటి. గుట్టల తలలు బల్లపరుపుగా, వాలులు మెట్లు మెట్లుగా ఉండటం ఆ పొరల వల్లనే. ఒక పొర చల్లారి, మరో పొర వచ్చేలోపు మధ్య కాలంలో మడుగులు ఏర్పడేవి. వాటి అడుగు మట్టిలో చిక్కుకున్న మంచినీటి నత్తల గుల్లలు దక్కన్ లావా ప్రాంతమంతటా శిలాజాలుగా దొరుకుతుంటాయి.

అగ్నిపర్వతం కళ్లెదుటే ఉండే ఊళ్లూ ఉన్నాయి, గ్వాటెమాలాలోని ఆంటిగ్వా నగరం అలాంటిది. స్పెయిన్ వాళ్లు 16వ శతాబ్దంలో కట్టిన ఆ పాత రాజధాని వీధుల్లోంచే అగ్నిపర్వతాలు కనిపిస్తాయి, అందులో ఫ్యూగో ఇప్పటికీ పొగ కక్కుతూనే ఉంటుంది. నిర్మల్ దగ్గర అగ్నిపర్వతాన్ని తలెత్తి చూసే పని లేదు, అది కాళ్ల కిందే ఉంది. దాని నుంచి పుట్టిన నల్లరేగడే ఆదిలాబాద్, భైంసా ప్రాంతాలను పత్తి సీమ చేసింది. రేగడి తేమను పట్టి ఉంచుతుంది. నిర్మల్ దక్షిణాన ఉన్న ఎర్ర చెల్కలకు ఆ గుణం తక్కువ, అందుకే అక్కడ చెరువు లేనిదే వరి లేదు.

ఊళ్లో నడక కోటతో మొదలుపెట్టడం మేలు. పొద్దెక్కితే బురుజుల మీద నీడ దొరకదు. 17వ శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన నిమ్మనాయుడి పేరు మీదే ఊరికి నిర్మల్ అనే పేరు వచ్చిందంటారు. ఆసఫ్ జాహీల కాలంలో, 18వ శతాబ్దపు రెండో సగంలో, ధంసాగా పేరుపడ్డ ఇబ్రహీం బేగ్ చేతిలో నిర్మల్ బలమైన సైనిక స్థావరమైంది. అతని తరువాత కొడుకు ఎదురు తిరిగితే నిజాం అలీఖాన్ స్వయంగా దండు నడిపి ఊరిని లొంగదీశాడు. శ్యాంగఢ్, బత్తీస్‌గఢ్ అనే పేర్లతో మిగిలిన కోటలు, గుట్టల మీది బురుజులు ఆ రోజుల యుద్ధ అవసరాలకు పుట్టినవి.

ఈ కోటలకు ఫ్రెంచి ఇంజనీర్లు నమూనా ఇచ్చారని చెబుతారు. కాలం చూస్తే అది నమ్మదగ్గ మాటే. ఫ్రెంచి సేనాని బుస్సీ 1751లో హైదరాబాద్ దర్బారుకు వచ్చి 1758 దాకా ఉన్నాడు. తరువాత మరో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కొలువులో ఫ్రెంచి అధికారుల పటాలాలను నడిపాడు. 1798లో అతను చనిపోయిన కొద్ది నెలలకే ఇంగ్లీషువాళ్లు ఆ పటాలాలను రద్దు చేయించారు. ఫిరంగి దెబ్బకు తట్టుకునేలా గోడల మందం, బురుజుల మధ్య దూరం లెక్కగట్టడం ఆనాటి యూరప్ విద్య. అయితే ఫ్రెంచి పేరు వినగానే మిగతావాళ్లను మరిచిపోవడం గైడ్లకు అలవాటైంది. రాయి కొట్టి, మోసి, పేర్చిన చేతులు ఇక్కడి వడ్డెరలవే అయి ఉండాలి. వాళ్ల పేర్లు ఏ పలక మీదా లేవు.

ఆ కాలంలో నిర్మల్‌లో ఫిరంగులు పోతపోసేవారు. గోదావరి అవతల, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మూసల్లో కరిగించి తయారుచేసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ 19వ శతాబ్దపు తొలి పాతికేళ్లలోనే ఆ మూసల పద్ధతిని చూసి రాసిపెట్టాడు. దక్కన్ రాళ్లను శాస్త్రదృష్టితో పరిశీలించిన మొదటివాళ్లలో ఆయన కూడా ఒకడు.

కోట దిగితే చెరువు కట్టలు. ధర్మసాగర్, బంగల్‌పేట చెరువు మొదలైనవి ఊరిని చుట్టి గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. ఊరు పెరిగి చెరువు శిఖాలు కుంచించుకుపోయిన చోట వాన నీరు ఇళ్లలోకి రావడం ఈ మధ్య మామూలైంది. కట్ట మీద తెల్లవారుజామున నడిస్తే కొంగలు, నీటికాకులు, బుడుబుంగ పిట్టలు కనిపిస్తాయి. దారి తెలుసుకోవడానికి మత్తడి పారే దిక్కు చూసుకుంటే చాలు.

నిర్మల్ పేరును దేశమంతటికీ తీసుకుపోయింది మాత్రం కోట కాదు, పొనికి చెట్టు. సాత్మాల అడవుల్లో పెరిగే ఈ చెట్టు కలప తేలిక, మెత్తన. నకాషీ కళాకారులు దానితో పండ్లు, పక్షులు, జంతువుల బొమ్మలు చెక్కి, ముక్కలను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, రంగులు వేస్తారు. 1955లో ఏర్పడిన సహకార సంఘం ఈ పనికి ఆధారం, తరువాత భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బొమ్మకు గిరాకీ ఉన్నా చెట్టు కరువైంది. దగ్గరి గుట్టల్లో పొనికి అరుదై, కలప కోసం దూరం పోవలసి వస్తోంది. పొనికి మొక్కలు నాటించే ప్రయత్నాలూ జరిగాయి. చెట్టును గుర్తుపట్టలేనివాళ్లు ముందు కళాకారుల కాలనీకి పోయి కలపను చేత్తో పట్టి చూడటం మంచిది.

ఊరు దాటేముందు ఆగవలసిన చోటు మరొకటి ఉంది. 1857 తిరుగుబాటు సెగ గోదావరి తీరానికి తాకినప్పుడు గోండు నాయకుడు రాంజీ, రోహిల్లా పోరాటకారులతో చేతులు కలిపి ఇంగ్లీషు, నిజాం సేనలతో పోరాడాడు. 1860లో అతన్ని పట్టుకొని, అనుచరులతో సహా నిర్మల్ దగ్గర మర్రిచెట్టుకు ఉరి తీశారు. ఉరి పడినవాళ్లు వెయ్యిమంది అని జనం చెప్పుకుంటారు, వేయి ఉరుల మర్రి అనే పేరూ అలా వచ్చిందే. చెట్టు నేలకూలింది. స్మారక స్తూపం ఉంది.

రెండో రోజు నడక ఉత్తరాన. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మోసే ఘాట్ రోడ్డు మలుపుల్లో టేకు, నల్లమద్ది, తునికి, మోదుగ వరుసగా ఎదురవుతాయి. నాగపూర్ జాతీయ రహదారి బండ్లన్నీ ఇప్పుడు వేరే దారిన పోతున్నందున పాత ఘాట్‌లో నడవడం తేలికైంది. అక్కడి నుంచి నేరడిగొండ, ఆపై కుంటాల జలపాతం. నిర్మల్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు కాబట్టి ఇది బస్సు మీద పోవలసిన దూరమే. కడెం వాగు దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి అంచెలంచెలుగా దూకుతుంది. కిందికి దాదాపు 400 మెట్లు దిగాలి. శివరాత్రికి అక్కడి సోమేశ్వరుడి దగ్గరకు జనం బారులు కడతారు. గుండంలోకి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది కాబట్టి నీళ్లను ఒడ్డు నుంచే చూడాలి.

మోదుగ పూతకు ఫాల్గుణం, ఇప్ప పూతకు చైత్రం, జలపాతానికి ఆశ్వయుజం, కార్తీకం తగిన కాలాలు. వానలు ముమ్మరంగా ఉన్న ఆషాఢ, శ్రావణాల్లో కడెం వాగును నమ్మడానికి లేదు. దిగువన ఉన్న కడెం ప్రాజెక్టు కట్ట 1958 వరదలో తెగింది. 2022 జులైలో ఒక గేటు మొరాయించగా మిగతావన్నీ ఎత్తినా నీరు కట్టను దాటేంత పని చేసింది. కుంటాల నుంచి తూర్పుకు, జన్నారం దిక్కుగా పోతే కవ్వాల్ పులుల అభయారణ్యం వస్తుంది. 2012 నుంచి అది టైగర్ రిజర్వ్ కాబట్టి లోపల నడవాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి.