పని పోయినవాని అర్జీ

శ్రోతలారా! పని పోయినవాడు సర్కారువారి కిచ్చు అర్జీ బిచ్చ మడుగుటయా, బాకీ యడుగుటయా? ఇంగ్లండు చరిత్ర ఇందుకు చెప్పిన సమాధానమును మీకు మనవి చేసెదను.

1834 నాటి పేదల చట్టము ప్రకారము, ఒడలిలో సత్తువగలవాడు సాయము కోరినచో వర్కుహౌసు అను పేదల పనిశాలలో చేరవలెను. అచటి బ్రదుకు బయటి కడపటి కూలివాని బ్రదుకుకంటె హీనముగా నుండవలెనని పాలకులు తలచిరి.

1911లో ఆర్థికమంత్రి లాయిడ్ జార్జి ప్రవేశపెట్టిన బీమా చట్టముతో ఈ పద్ధతి మారసాగెను. ఇండ్లు, ఓడలు, యంత్రములు నిర్మించువారు మున్నగు కొన్ని వృత్తుల పనివారు వారమునకు రెండున్నర పెన్నీలు చెల్లించిరి. యజమానులును అంతయే చెల్లించిరి. ప్రభుత్వమును కొంత చేర్చెను. చందాకు గుర్తుగా పుస్తకములో స్టాంపు లంటించిరి. 1913 నుండి, పని పోయినవాడు ఆ పుస్తకమును లేబరు ఎక్స్ఛేంజిలో నొప్పగించి, అర్హుడైనచో వారమునకు 7 షిల్లింగులు, ఏడాదిలో 15 వారములకు మించకుండ పొందెను. బిచ్చము బాకీగా మారినది.

కాని 1920 తరువాత నిరుద్యోగము పెచ్చు పెరిగెను. నిజముగా పని వెదకుచున్నట్లు అర్జీదారుడే రుజువు చేయవలెనను నియమము 1921లో వచ్చెను. ఊర పని లేదని యెరిగియు, ఎచ్చటెచ్చట నడిగితివని అధికారులు ప్రశ్నించిరి. 1930లో ఈ నియమము తొలగెను. మరుసటి యేడు మఱియొకటి వచ్చెను: బీమా గడువు తీరినవాని యింటిలోని వారందరి రాబడిని లెక్కించిరి. కుమారుని కూలి చూపి తండ్రి భృతిని తగ్గించిరి.

పెద్దలారా! చట్టము కుడిచేత నిచ్చినదానిని విచారణ యెడమచేత లాగుకొనగలదు. కావున ఏ భృతిని గూర్చి విన్నను, ఎంత యిత్తురని మాత్రమే గాక, ఏమి యడిగి యిత్తురని కూడ విచారింపుడు.