నయాగరా చూడబోయే ముందు తెలుసుకోదగిన చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. కొన్ని నెలలుగా నేను ఏ విషయం చదువుతున్నానో దాని గురించే రాస్తే నలుగురికీ పనికివస్తుందనిపించింది. వచ్చే వేసవిలో అమెరికాలోని మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాలని నేనూ, మా శ్రీమతీ అనుకుంటున్నాము. అక్కడికి వెళ్ళిన తెలుగు తల్లిదండ్రుల్లో నయాగరా జలపాతం చూడకుండా తిరిగి వచ్చేవారు తక్కువ. మన కొత్తగూడెంలో కూడా పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళలో, టి.వి. పక్కన, నీలిరంగు ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుని పడవ మీద నిలబడిన దంపతుల ఫోటో ఒకటి తప్పక కనిపిస్తుంది.

చూసి వచ్చినవారిని అడిగితే, "బోలెడన్ని నీళ్ళండీ, తడిసి ముద్దయ్యాం" అంటారు. అది నిజమే. కాని ముప్పై ఏళ్ళకు పైగా నీటిపారుదల శాఖ ఫైళ్ళ మధ్య గుమాస్తాగా పనిచేసినవాడిని కనుక, ఆ నీరు ఎవరిది, ఎంత వదులుతారు, ఎవరి ఉత్తర్వు మీద వదులుతారు అన్న ప్రశ్నలే నాకు ముందుగా తోచాయి. వాటికి దొరికిన జవాబులను బట్టే మా ప్రయాణం ఎప్పుడు, ఎటువైపు అన్నది నిర్ణయించుకున్నాము.

నీటి లెక్క

నయాగరా నది పొడవు సుమారు 58 కిలోమీటర్లే. ఈరీ సరస్సులో బయలుదేరి ఒంటారియో సరస్సులో కలుస్తుంది. ఈ రెండు సరస్సుల నీటి మట్టాలకు దాదాపు 99 మీటర్ల తేడా ఉంది. అందులో సగానికి పైగా ఒక్కచోటే దూకుతుంది. నిజానికి అక్కడ ఉన్నవి మూడు జలపాతాలు. గుర్రపు లాడం ఆకారంలో ఉన్న హార్స్‌షూ జలపాతం అన్నిటికంటె పెద్దది, ఎత్తు సుమారు 57 మీటర్లు. దూకే నీటిలో తొంభై శాతం వరకు దానిదే. అందులో అధిక భాగం కెనడా హద్దులో ఉంది. మిగిలిన రెండూ, అంటే అమెరికన్ జలపాతమూ, దాని పక్కన సన్నగా పడే బ్రైడల్ వెయిల్ జలపాతమూ అమెరికా వైపు ఉన్నాయి.

మన ప్రాంతం వారికి క్యూసెక్కులంటే వివరించనక్కరలేదు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరినప్పుడు ప్రవాహం 27 లక్షల క్యూసెక్కులని రికార్డు. నయాగరా నది సహజ ప్రవాహం సుమారు 2 లక్షల క్యూసెక్కులు. గోదావరి వరద ముందు ఇది చిన్నదే. అయితే మన వరద నాలుగు రోజుల్లో తీసిపోతుంది. వాజేడు దగ్గర బొగత జలపాతమైనా వానాకాలం దాటితే పలచబడుతుంది. నయాగరాకు వెనుక నాలుగు మహా సరస్సులు ప్రకృతి కట్టిన రిజర్వాయర్లలా ఉన్నాయి గనుక నీటికి ఏడాది పొడవునా కొరత రాదు. 1848 మార్చి చివరలో మాత్రం ఈరీ సరస్సు నుండి నది మొదలయ్యే చోట మంచుగడ్డలు అడ్డుపడి నీరు దాదాపు ఆగిపోయింది. జనం నది అడుగున నడిచారు. అక్కడ వారికి పాత యుద్ధం నాటి కత్తులు, తుపాకి బాయినెట్లు దొరికాయట.

సరిహద్దు కథ

 అమెరికా స్వాతంత్ర్యాన్ని బ్రిటన్ అంగీకరించిన 1783 నాటి పారిస్ ఒప్పందంలో ఈ నది మధ్యభాగాన్ని హద్దుగా రాసుకున్నారు. కెనడా అప్పుడు బ్రిటిష్ వారిది. 1812లో మళ్ళీ యుద్ధం వచ్చింది. 1814 జూలై 25న జలపాతానికి చేరువలో లండీస్ లేన్ అనే చోట రాత్రి వరకు ఘోరంగా పోరాడారు. ఆ ఏడాది డిసెంబరు 24న ఘెంట్ నగరంలో సంధి చేసుకుని, ఎవరి హద్దు పూర్వం ఎక్కడ ఉందో అక్కడికే తిరిగి వచ్చారు. అంతమంది చనిపోయినా గీత కదలలేదు. ఆ తరువాత ఈ రెండు దేశాల మధ్య మరి యుద్ధం జరగలేదు.

ఈ గీత కొందరికి ప్రాణరక్షణ కూడా అయింది. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేసిన చట్టం 1834లో అమలులోకి వచ్చింది. అమెరికాలో 1865 వరకు బానిసత్వం సాగింది. ఆ మధ్యకాలంలో దక్షిణాది తోటల నుండి పారిపోయి వచ్చిన నల్లజాతివారు ఎందరో ఈ నది దాటి అవతలి ఒడ్డున స్వేచ్ఛగా అడుగుపెట్టారు.

కంచె వేసి కాసులు

ఇక మన ముచ్చటకు వస్తే, పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికా వైపు ఒడ్డంతా ప్రైవేటు ఆసాముల చేతిలో ఉండేది. జలపాతం కనిపించే ప్రతిచోటా కంచెలు వేసి, చూడడానికి డబ్బు వసూలు చేసేవారు. మిల్లులు, కార్ఖానాలు ఒడ్డునే వెలిశాయి. ఇది సహించలేక ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ మొదలైన పెద్దలు, నయాగరా ప్రజలందరిదీ కావాలని ఉద్యమం నడిపారు. 1883లో న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది. సుమారు 14 లక్షల డాలర్లు చెల్లించి భూములు సేకరించింది. 1885 జూలై 15న కంచెలు లేని ఉద్యానవనాన్ని ప్రజలకు తెరిచింది. అవతల కెనడా వైపు విక్టోరియా రాణి పేరిట ఉద్యానవనం 1888లో తెరిచారు. ఈనాటికీ ఒడ్డున నిలబడి చూడడానికి టికెట్టు లేదు. పడవ ఎక్కడానికి, కారు నిలపడానికి మాత్రం డబ్బు కట్టాలి. పేదవాడికైనా ఈ దృశ్యం ఉచితంగా దక్కుతున్నదంటే అది ఎవరి దయ వల్లా కాదు, చట్టం వల్ల.

కరెంటు, ఒప్పందం

కంచెల బెడద తీరిన పదేళ్ళకే మరొక సమస్య వచ్చింది. 1895లో నయాగరా వద్ద పెద్ద జలవిద్యుత్ కేంద్రం నడిచింది. 1896 నవంబరులో అక్కడి కరెంటు నలభై కిలోమీటర్ల దూరంలోని బఫెలో నగరానికి చేరింది. నికోలా టెస్లా రూపొందించిన ఏ.సి. పద్ధతి దూరప్రాంతాలకు పనికివస్తుందని లోకానికి రుజువైనది ఇక్కడే. 1966 నుండి పాల్వంచ కేంద్రం మన సింగరేణి బొగ్గుతో ఊళ్ళకు పంపిన కరెంటు కూడా ఏ.సి. పద్ధతిదే.

కరెంటు కావాలంటే నీటిని జలపాతానికి ఎగువనే మళ్ళించాలి. మళ్ళించిన కొద్దీ జలపాతం చిక్కిపోతుంది. అందుకని 1909లో రెండు దేశాలు సరిహద్దు జలాల ఒప్పందం చేసుకున్నాయి. కరెంటు కోసం అమెరికా 20 వేల క్యూసెక్కులు, కెనడా 36 వేల క్యూసెక్కులు తీసుకోవచ్చని అందులో రాశారు. తగవులు విచారించడానికి ఉభయ దేశాల ఉమ్మడి కమిషన్ ఒకటి ఏర్పడింది. అది నేటికీ పనిచేస్తున్నది.

అసలైన కాగితం 1950 ఫిబ్రవరి 27న సంతకాలు జరిగిన నయాగరా ఒప్పందం. ఏప్రిల్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు ఉదయం 8 నుండి రాత్రి 10 దాకా, సెప్టెంబరు 16 నుండి అక్టోబరు 31 వరకు ఉదయం 8 నుండి రాత్రి 8 దాకా, జలపాతం మీదికి లక్ష క్యూసెక్కులకు తగ్గకుండా నీరు వదలాలి. మిగిలిన వేళల్లోనూ, చలికాలమంతా 50 వేల క్యూసెక్కులకు తగ్గరాదు. మిగతా నీటిని రెండు దేశాలు చెరిసగం కరెంటుకు వాడుకోవచ్చు. దీని అమలు కోసం జలపాతానికి ఎగువన గేట్లు కట్టారు.

గమనించండి, ముందుగా చూసేవారి వాటా తీసిపెట్టి, తరువాతనే కరెంటు వాటా పంచుకున్నారు. మన దేశంలో జోగ్ జలపాతానికి ఎగువన 1964లో లింగనమక్కి డ్యాం వచ్చాక వానలు లేని రోజుల్లో అక్కడి ధారలు సన్నబడ్డాయి. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ నది మీది డుడుమ జలపాతం వద్ద 1955 నుండి రెండు రాష్ట్రాల ఉమ్మడి విద్యుత్ కేంద్రం నడుస్తున్నది. కరెంటు వద్దనడం నా ఉద్దేశం కాదు. బొగ్గు నేల మీద బతికిన మనం ఆ మాట అనలేము. రెండు అవసరాలనూ ఒకే కాగితం మీద రాసి, అంకెలు వేసి, గంటలు కూడా రాసుకుంటే రెండూ నిలుస్తాయన్నదే నయాగరా నేర్పే పాఠం.

పింఛను లేని పంతులమ్మ

నయాగరా చరిత్రలో తాడు మీద నడిచినవారు, పీపాలలో దూకినవారు ఎందరో ఉన్నారు. వారిలో మన సంఘం వారు తెలుసుకోవలసిన పేరు ఆనీ ఎడ్సన్ టేలర్. ఆమె బడిపంతులమ్మ, వితంతువు. వయసు మీదపడింది, చేతిలో డబ్బు లేదు, పింఛను లేదు. ముసలితనంలో పూట గడవడానికి నాలుగు డబ్బులు వస్తాయని ఆశపడి, లోపల దిండ్లు కూరిన చెక్క పీపాలో కూర్చుని 1901 అక్టోబరు 24న హార్స్‌షూ జలపాతం మీదుగా కిందికి వెళ్ళింది. అది ఆమె 63వ పుట్టినరోజు. తలకు చిన్న గాయంతో బతికి బయటపడింది. అలా దూకి బతికిన మొదటి మనిషి ఆమే. కాని ఆశించిన ధనం రాలేదు. మేనేజరుగా పెట్టుకున్నవాడు ఆ పీపాను కూడా పట్టుకుపోయాడు. 1921లో ఆమె పేదల ఆసుపత్రిలో కన్నుమూసింది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక ఉపాధ్యాయురాలు కడుపు కోసం అంత ఎత్తు నుంచి దూకవలసి వచ్చింది. మనకు 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు ఫలమైన హక్కు అని అది తేల్చింది. అందుకే మనం ఏటా ఆ తేదీన పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాము. అయితే మన పక్క క్వార్టర్లలోనే ఉన్న బొగ్గుగని రిటైర్డు కార్మికులకు 1998 పథకం కింద వచ్చే పింఛనుకు మనలాగ డి.ఎ. కలవదు. ఏళ్ళు గడిచినా అదే మొత్తం. మన హక్కులు కాపాడుకుంటూనే వారి కోరికకు కూడా మన సంఘం గొంతు కలపాలని నా మనవి.

మా ప్రయాణ ఏర్పాటు

ఈ చరిత్ర చదివిన మీదట మేము అనుకున్నవి వెళ్ళబోయే మిత్రులకు ఉపయోగపడతాయని రాస్తున్నాను.

మొదటిది, కాలం. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో పగటిపూట లక్ష క్యూసెక్కులు చూడవచ్చు. మన మిత్రుడొకరు డిసెంబరులో వెళ్ళి, పడవలు నడవక, సగం నీరే చూసి వచ్చారు. రాత్రి రంగుదీపాల వెలుగులో చూడదలచినవారు వేసవిలో 10 గంటల లోపే చూసుకోవడం మంచిది.

రెండవది, ఏ ఒడ్డు అన్నది. అమెరికా వైపు నుండి నీటికి అతి దగ్గరగా వెళ్ళవచ్చు గాని హార్స్‌షూ జలపాతం పక్కవాటుగా కనిపిస్తుంది. ఎదురుగా నిలబడి మొత్తం చూడాలంటే కెనడా వైపు వెళ్ళాలి. రెండు ఒడ్డులనూ కలిపే రెయిన్‌బో వంతెన 1941లో తెరిచారు. అంతకు ముందున్న వంతెనను 1938 జనవరిలో మంచుగడ్డలు కూల్చివేశాయి. వంతెన మీద నడిచి కూడా దాటవచ్చు. కాని మన పాస్‌పోర్టుకు అమెరికా వీసాతో పాటు కెనడా వీసా వేరుగా కావాలి. తిరిగి అమెరికాలో అడుగుపెట్టే అనుమతి సరిగా ఉన్నదీ లేనిదీ ముందే చూసుకోవాలి. పూర్వం అమెరికా వీసాకు మద్రాసు వెళ్ళవలసి వచ్చేది. 2008లో హైదరాబాదులో కాన్సులేటు వచ్చాక ఆ శ్రమ తగ్గింది.

మా అమ్మాయి ఫోనులో, "అమెరికా వైపు చాల్లే నాన్నా, అమ్మకు మోకాళ్ళ నొప్పులు కదా" అంది. "ఈ వయసులో మళ్ళీ మళ్ళీ వెళ్తామా తల్లీ, చూసేదేదో ఎదురుగానే చూస్తాం, అమ్మకు చక్రాల కుర్చీ చూడు" అన్నాను. దరఖాస్తు ఫారాలు నింపుతుంటే మా శ్రీమతి, "నీళ్ళు పడేది చూడటానికి ఇన్ని కాగితాలా అండీ?" అంది. "ఆ నీళ్ళు పడుతున్నదే కాగితం మీదనే" అని 1950 ఒప్పందం సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఆ కాగితం రాసినవాళ్ళు మంచివాళ్ళు" అంది.

మూడవది, ఆరోగ్య బీమా, ఆరు నెలలకు సరిపడే మందులు, వాటి చీటీలు వెంట ఉండాలి. లైఫ్ సర్టిఫికెట్ గడువు లోపల తిరిగి వచ్చేలా టికెట్లు కొనుక్కోవాలి, లేదా అక్కడి నుండి పంపే ఏర్పాటు ముందే చేసుకోవాలి.

నాలుగవది, చూడవలసిన వాటిలో ఒకటి రాళ్ళగుట్ట. అమెరికన్ జలపాతం అడుగున పెద్ద పెద్ద బండలు పడి ఉంటాయి. వాటిని తొలగించవచ్చునా అని 1969లో జూన్ నుండి నవంబరు వరకు ఆ జలపాతానికి నీరు ఆపి పరిశీలించారు. చివరకు ప్రకృతి పనిని ప్రకృతికే వదిలేయడం మంచిదని తేల్చి అలాగే ఉంచారు. ఫైలు ముగించడంలో అది కూడా ఒక మంచి పద్ధతి.

భగవంతుడి దయవల్ల ఆరోగ్యం సహకరిస్తే వెళ్ళివచ్చాక చూసిన విశేషాలు మరొక సంచికలో మనవి చేస్తాను. మిత్రులు ఎవరైనా ఈ వేసవిలోనే వెళుతుంటే సంఘ కార్యాలయంలో కలవండి. నా దగ్గరున్న వివరాలు రాసి ఇస్తాను.

సెలవు.