జాతికుక్కల లక్షణగ్రంథం

సాహిత్య పత్రికలో కుక్కల చరిత్రకు చోటేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. కాని ‘జాతి’ అనే మాటను మనం కుక్కకూ, పద్యానికీ, మనిషికీ కూడా వాడుతున్నాం. వీధిలో జాతికుక్క అంటాం. ఛందస్సులో కందం, ద్విపద జాతులంటాం. మనిషిని జాతి తక్కువవాడని కించపరచటమూ మన సమాజంలో ఉంది. ఒకే మాట ఇన్నిచోట్ల పనిచేస్తున్నప్పుడు, దాని వెనకున్న కొలబద్ద ఎవరు తయారుచేశారో విచారించటం విమర్శకుడి బాధ్యత. ఈ విచారణకు టెర్రియర్ అనే చిన్న కుక్క చరిత్ర బాగా పనికొస్తుంది.

ఫ్రెంచి భాషలో నేల అని అర్థమిచ్చే మాట నుంచి ఆ పేరు వచ్చింది. బొరియలోకి దూరి నక్కనో, ఎలుకనో పట్టే కుక్క టెర్రియర్. అంటే పుట్టుకను బట్టి కాదు, పనిని బట్టి వచ్చిన పేరు. దాన్ని తీర్చిదిద్దినవాళ్ళలో పనివాళ్ళే ఎక్కువ. ఇంగ్లండు ఉత్తరాన బెడ్లింగ్టన్ టెర్రియర్ గనికార్మికుల కుక్క. ఏర్ నది లోయలో పుట్టిన ఏరెడేల్ మిల్లు పనివాళ్ళ కుక్క. పందొమ్మిదో శతాబ్దం నడుమ స్కాట్లండు నేతపనివాళ్ళు బతుకుదెరువు కోసం యార్క్‌షైర్ మిల్లులకు వలస వచ్చినప్పుడు వాళ్ళ చిన్నకుక్కలూ వెంట వచ్చాయి. ఎలుకలు పట్టటం వాటి పని. మగ్గం చప్పుడు ఎరిగిన మా కాశిబుగ్గవాళ్ళకు ఈ వలస కథ కొత్తది కాదు. 1934లో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు వెలిసినప్పుడు పల్లెజనం ఇలాగే పట్నానికి తరలివచ్చారు.

ఇక కొలబద్ద సంగతి. 1859లో న్యూకాసిల్‌లో జరిగినదాన్ని మొట్టమొదటి క్రమబద్ధమైన కుక్కల ప్రదర్శనగా చెబుతారు. దొరల వేటకుక్కలకే అందులో పోటీ. గెలిచినవారికి బహుమతులు తుపాకులు. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. దాని స్థాపకుడు సెవాలిస్ షర్లీ భూస్వామి, పార్లమెంటు సభ్యుడు. మరుసటి ఏడే కుక్కల వంశావళి గ్రంథం అచ్చయింది. 1886లో చార్లెస్ క్రఫ్ట్ అనే ఆయన లండన్‌లో టెర్రియర్లకే ప్రత్యేకంగా పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేశాడు. 1891లో తన పేరుమీదనే అన్ని జాతుల ప్రదర్శన మొదలుపెట్టాడు. ఆయన ఎదిగింది కుక్కల బిస్కెట్ల కంపెనీలో. భూస్వామి వంశావళి రాయించాడు, వ్యాపారి పందిరి వేశాడు. పనివాళ్ళు తమ కుక్కల్ని ఆ పందిట్లోకి తెచ్చారు గాని, కొలబద్ద వాళ్ళ చేతుల్లో లేదు.

ప్రదర్శనలో న్యాయనిర్ణేత చేసే పని గమనించదగ్గది. ఆయన ఒక కుక్కను ఇంకొక కుక్కతో పోల్చడు. కాగితం మీద రాసిపెట్టిన ఆదర్శ కుక్కతో పోలుస్తాడు. పళ్ళ వరస, చెవి వాలు, భుజం ఏటవాలు, వెంట్రుక ముతకదనం ఒక్కొక్కటే పరీక్షిస్తాడు. పార్సన్ రస్సెల్ టెర్రియర్ అయితే భుజాల వెనక ఛాతీని రెండు చేతులతో చుట్టి చూస్తాడు. నక్కబొరియలో ఆ ఛాతీ పట్టాలి గదా! ఇక్కడ లక్షణంలో శ్రమ జ్ఞాపకం ఇంకా మిగిలే ఉంది. యార్క్‌షైర్ టెర్రియర్‌లో అదీ మిగలలేదు. నేతపనివాడి ఎలుకలకుక్క ప్రదర్శనశాలలో నేలమీద జీరాడే పట్టువెంట్రుకల బొమ్మ అయింది. పని పోయి రూపం మిగలటమంటే ఇదే.

ఈ కొలబద్ద వలసపాలనతో మన దేశానికి వచ్చింది. పఱై అనే డప్పు పేరుమీద ఏర్పడిందని చెప్పే తమిళ దళిత కులం పేరును ఆంగ్లేయులు మన ఊరకుక్కకు తగిలించారు. ‘పరయా కుక్క’ అనే మాట వాళ్ళ నిఘంటువులకెక్కింది. దొర కుక్కకు వంశావళి, మన కుక్కకు అంటరానితనం! అయితే స్వచ్ఛత వ్యామోహం దొరలతోనే ఆగలేదు. తమిళనాడులోని రాజపాళయంలో ఇంట్లో తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలున్నాయి. ఆ ఊరి పేరుతోనే ఒక వేటకుక్క ప్రసిద్ధి. 2005లో తపాలాశాఖ దానిమీద బిళ్ళ వేసింది. తెల్లని ఒళ్ళు, గులాబిరంగు ముక్కు దాని ఘనతకు గుర్తులయ్యాయి. ఆ మచ్చలేని తెలుపు కోసం తరతరాలుగా ఏరుకుంటూ పోవటంతో చెవుడు ఆ జాతిని పట్టుకుంది. చర్మానికి రంగునిచ్చే కణాలే లోపలి చెవికీ అవసరం మరి. అడవిపంది అలికిడి వినవలసిన కుక్క అందం కోసం చెవులు పోగొట్టుకుంది.

ఇప్పుడు మన సాహిత్యానికి వద్దాం. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కుక్క చేత వేదం చదివించిన భక్తుడి కథ చెప్పాడు. వేదాధికారం పుట్టుకతో వస్తుందన్నవాళ్ళకు అది జవాబు. ఆ జవాబును వృత్తాల్లో గాక, జనం పాడుకునే ద్విపదలో చెప్పాడు. పండితలోకం ద్విపదను చాలాకాలం చిన్నచూపు చూసింది. జనం నోట అది చేసిన పనిని కొలవటానికి వాళ్ళ లక్షణగ్రంథాల్లో గడి లేదు.

పండితుల్ని తప్పుపట్టటం సులభం. మన శిబిరం మాటేమిటి? 1993లో ‘నీలిమేఘాలు’, 1995లో ‘చిక్కనవుతున్న పాట’ సంకలనాలు వచ్చిన రోజుల్లో స్త్రీవాద, దళిత కవిత్వాలను మనవాళ్ళలో కొందరు వర్గదృక్పథం అనే సిద్ధమైన కొలతతో కొలిచి, పొట్టిగా ఉన్నాయన్నారు. ఆ కొలత ఒకప్పుడు పోరాటంలోంచి పుట్టినదే, సందేహం లేదు. కాని పోరాటంలోంచి పుట్టిన కొలత కూడా జీవితంతో తలపడటం మానేస్తే వంశావళి పుస్తకమే అవుతుంది. ఫలానావారి వారసుడా, ఫలానా ధోరణిలో పుట్టాడా అని అడగటంతో విమర్శ ఆగిపోతుంది.

లక్షణాలే వద్దని నేననను. ఛాతీని చేతులతో చుట్టి చూసే న్యాయనిర్ణేత అడిగే ప్రశ్న మంచిదే: ఇది బొరియలో పట్టగలదా? విమర్శకుడు అడగవలసిందీ అలాంటి ప్రశ్నే. ఈ రచన ఏ చీకట్లోకి దూరగలదు, అక్కడినుంచి దేన్ని బయటికి లాగగలదు? సాహిత్యం చదువుతున్న యువమిత్రులు లక్షణగ్రంథాలు తప్పక చదవాలి. చదువుతున్నప్పుడు ప్రతి లక్షణం పక్కనా, ఇది ఏ పనిలోంచి పుట్టింది, ఇప్పుడు ఎవరికి పనికొస్తోంది అని రాసుకోవాలి. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు దొరకని లక్షణాన్ని పరీక్ష కోసం గుర్తుంచుకున్నా, సాటి రచయితను కొలవటానికి మాత్రం వాడకూడదు.