కోళ్లగూటి వలలో పడ్డ పాఠం

ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు చూపిన సైట్ ప్రయోగం ప్రసారాలు 1975 ఆగస్టు 1న మొదలయ్యాయి. ఏటీఎస్-6 ఉపగ్రహం నాసాది, ఏడాదికి అరువు. కార్యక్రమాలు, నేల మీది పరికరాలు మాత్రం మనవే. ఇస్రో వ్యవస్థాపకుడు విక్రమ్ సారాభాయ్ పట్టుబట్టి నడిపించిన ఆలోచన ఇది. 1969లో ఒప్పందం కుదిరింది, ప్రసారం చూడకుండానే 1971లో ఆయన పోయారు.

ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీలిచ్చారు. తెలుగు పల్లెలూ అందులో ఉన్నాయి, మా ఊరు కూడా. పదడుగుల గొడుగు యాంటెనా చూసి రాకెట్ల వాళ్ల సరుకు కదా అని దగ్గరికెళ్లాను. తీరా అది కోళ్లగూళ్లకు కొట్టే ఇనుప వల! ఖరీదు తగ్గాలని ఇస్రో చేసిన పని. నాకు ఉపగ్రహం కన్నా ఆ వలే గొప్పగా తోచింది.

పొద్దున పిల్లలకు కార్యక్రమాలు, సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం. మధ్యలో హిందీ జాతీయ కార్యక్రమం రాగానే జనం టీవీ చూసే మా అరుగు సగం ఖాళీ. ఎమర్జెన్సీ రోజులు కదా, పైకెవరూ ఏమీ అనేవారు కాదు.

నాలాంటి ప్రాథమిక పాఠశాల పంతుళ్లకు టీవీ, రేడియో, ప్రయోగాలు కలిపి సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. దేశం మొత్తమ్మీద దాదాపు 50 వేలమందిమి.

1976 జులై 31తో గడువు తీరింది. నాసా తన ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకుంది. మన సొంత ఇన్సాట్-1బి 1983లో వచ్చింది.