నిలువ ఉండే మద్యం, నిలువ ఉండని కల్లు

ఒక పానీయం ఎన్నాళ్ళు నిలువ ఉంటుందన్న ప్రశ్న రుచితో తీరిపోదు. దాని వెనుక ఆస్తి ప్రశ్న ఉన్నది. ఫ్రాన్సులోని బోర్డో సీమ ఎర్ర ద్రాక్షసారాయినే తీసుకోండి. ద్రాక్షతొక్కలోని వగరు, ఓకు కర్ర పీపా, చల్లని నేలమాళిగ - వీటి బలంతో అది ఏళ్ళ తరబడి నిలిచి, ముదిరినకొద్దీ వెల పెంచుకుంటుంది. కాని సరుకును అన్నేళ్ళు అమ్మకుండా దాచగలవాడెవడు? మదుపు చేతనున్నవాడే. 1855లో అక్కడి తోటలకు తరగతులు నిర్ణయించినవారు వర్తకపు దళారులు. వారు చూసిన కొలత బజారు ధర.

ఈ దృష్టితో మన కడప, కర్నూలు జిల్లాల చరిత్ర చూద్దాం. ఈ మెట్టసీమలో వాగుల వెంట పెరిగేది ఈతచెట్టు. ఈడిగవాడు గీసి దింపిన కల్లు ఉదయం తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేసరికి పొంగుతుంది, మరునాటికి పులిసి పనికిరాదు. దానిని కొని దాచి, ధర పెరిగినాక అమ్మే షావుకారు ఉండజాలడు. సర్కారు చెట్టుమీద పన్ను వేసి, దుకాణాన్ని వేలం వేసి రాబడి తీసింది నిజమే. అయినా సరుకు మాత్రం గీతగాని చేతినీ, ఊరి పొలిమేరనూ దాటిపోలేదు.

సారా సంగతి వేరు. బట్టీ దించిన సారా చెడదు. పీపాల కెక్కించి ఎంత దూరమైనా పంపవచ్చు, కొలిచి సుంకం కట్టించవచ్చు. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం ఈ రాబడికి గట్టి పునాది వేసింది. ఊరిబట్టీ నేరమైంది, పెద్ద బట్టీల గుత్తదారు చట్టబద్ధుడైనాడు. 1876-78 కరువు గాయం మానకముందే ఈ సీమ కూలిడబ్బు సర్కారు ఖజానాకు పారడానికి కొత్త కాలువ తెగిందన్న మాట.

జాతీయోద్యమం మద్యనిషేధం కోరింది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. తాగుడు మానిన ఇంట నాలుగు మెతుకులు మిగిలినమాట కాదనరాదు. కాని పోయిన రాబడిని పూడ్చడానికి 1939లో వచ్చిన అమ్మకం పన్ను పేదవాడి ఉప్పూపప్పుల బజారు మీదనే పడింది. చెట్టు దిగిన గీతకార్మికునికి మరో బ్రతుకుతెరువు దొరకలేదు.

ఈ వైరుధ్యం కర్నూలులోనే పగిలింది. 1953లో అది ఆంధ్రరాష్ట్ర రాజధాని అయింది. నిషేధం విఫలమైందని, ఎత్తివేయమని రామమూర్తి సంఘం సిఫారసు చేసింది. ప్రభుత్వం చెవిని పెట్టలేదు. గౌతు లచ్చన్న నాయకత్వాన గీత సత్యాగ్రహం సాగింది. 1954 నవంబరులో, కమ్యూనిస్టులు కూడా బలపరచిన అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి ప్రకాశం మంత్రివర్గం కూలింది. కల్లుకుండ ఒక ప్రభుత్వాన్ని పడగొట్టిందని నవ్వినవారున్నారు. పడగొట్టింది కుండ కాదు, కూలిపోయిన బ్రతుకు.

తరువాతి కథ మరింత చేదు. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని పేర సారాను పొట్లాలలో ఊరూరా చేర్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దిన స్త్రీలు దుకాణం మూయించారు. ఆ నిప్పు రాయలసీమకూ అంటుకున్నది. 1993లో సారా పోయింది, సీసామద్యం మిగిలింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఖజానా పేరు చెప్పి సడలించారు. 2019లో దుకాణాలు సర్కారు చేతికి వచ్చాయి. 2024లో లాటరీమీద మళ్ళీ ప్రైవేటు లైసెన్సుదారులకు వెళ్ళాయి.

ఇన్ని మార్పులలోనూ మారనిది ఒక్కటే: నిలువ చేసి, సీలు వేసి, సుంకం గుంజదగిన మద్యానికి రాజ్యం దారి విడుస్తూనే వచ్చింది. గీతగాని బ్రతుకునూ, దూబగుంట స్త్రీల ఆగ్రహాన్నీ ఒకదానికొకటి శత్రువులుగా నిలబెట్టడం పాలకులకు లాభం. ఆ రెండింటినీ ఒక్క పోరాటంగా చూడగలగడం మన పని.