రాయచూరు అంతర్వేది: కుదిరిన సంధులు, తెగని హద్దు

గుంతకల్లు జంక్షన్‌లో పడమటికి పోయే రైలెక్కితే బళ్లారి మీదుగా హొసపేట చేరతాం. విజయనగర శిథిలాలు అక్కడికి దగ్గరే. ఉత్తరానికి పోయే రైలు ఆదోని దాటి, తుంగభద్ర దాటి రాయచూరులో ఆగుతుంది. విజయనగర రాజులూ దక్కను సుల్తానులూ రెండు వందల ఏళ్లకు పైగా పోరాడిన నేల చాలావరకు ఈ రెండు దారుల నడుమే ఉంది. ఆ పోరాటం గురించి మనం చదువుకున్న కథలు రెండు. 1900లో విజయనగరంపై రాబర్ట్ సూయెల్ పుస్తకం వచ్చినప్పటి నుంచి పాతుకుపోయిన మొదటి కథ ప్రకారం అది రెండు మతాల మధ్య ఎడతెగని సమరం. ఇటీవల బలపడిన రెండో కథ ప్రకారం అక్కడ వైరమే పైపైది, లోపలంతా ఇచ్చిపుచ్చుకోవడమే. మొదటి కథలో సంధులకు చోటు లేదు. రెండో కథలో ఆ సంధులు ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు చోటు లేదు. నాకు ఈ రెండూ చాలవు.

తొలి ఘట్టాలు తెలిసినవే. 1336లో విజయనగరం, 1347లో బహమనీ రాజ్యం పుట్టాయి. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న రాయచూరు అంతర్వేది ఎవరిదన్న తగాదా వాటితోనే పుట్టింది. 1366 ప్రాంతంలో విజయనగర రాజు మొదటి బుక్కరాయలకూ బహమనీ సుల్తాను మహమ్మద్ షాకూ జరిగిన భయంకర యుద్ధం చివర, ఆయుధం పట్టని జనాన్ని చంపకూడదని ఉభయులూ ఒప్పుకున్నారని చరిత్రకారుడు ఫెరిస్తా రాశాడు. అతను రాసింది ఆ తర్వాత రెండు శతాబ్దాలు దాటాక, బీజాపూర్ కొలువులో. అతని మృతుల లెక్కలు నమ్మదగినవి కావు. 1423 ప్రాంతంలో అహ్మద్ షా పల్లెల మీద పడి జనాన్ని ఊచకోత కోశాడని చెప్పిందీ అతనే. అయినా మాట తప్పారు కాబట్టి మాటే లేదనలేం. పద్నాలుగో శతాబ్దంలో ఇద్దరు రాజులు సామాన్యుడి ప్రాణం గురించి షరతు పెట్టుకున్నారన్న జ్ఞాపకం దక్కనులో మిగిలి ఉండటమే నా దృష్టిలో పెద్ద సంగతి.

1406 ప్రాంతంలో మొదటి దేవరాయలు ఓడిపోయి, కూతురిని బహమనీ సుల్తాను ఫిరోజ్ షాకిచ్చి, బంకాపురం కోటను కట్నంగా రాసిచ్చాడు. సుల్తాను విజయనగరానికి అతిథిగా వచ్చాడు. తిరుగు ప్రయాణంలో రాయలు కొంతదూరం వచ్చి వెనుదిరిగాడనీ, విడిది దాకా సాగనంపలేదని సుల్తాను కక్ష పెట్టుకున్నాడనీ ఫెరిస్తా చెబుతాడు. నూటయాభై ఏళ్ల తర్వాత, బహమనీ రాజ్యం బీజాపూర్, అహ్మద్‌నగర్, గోల్కొండ వంటి రాజ్యాలుగా చీలిపోయాక జరిగిన మాట చూడండి. అప్పుడు విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయల కొడుకు చనిపోతే బీజాపూర్ సుల్తాను అలీ ఆదిల్ షా స్వయంగా వచ్చి పరామర్శించాడు. రామరాయల భార్య అతన్ని కొడుకుగా స్వీకరించింది. వెళ్లేటప్పుడు రామరాయలు ఊరి బయటిదాకా రాలేదట. అలీ ఆ అవమానాన్ని మనసులో పెట్టుకున్నాడట. ఇద్దరు సుల్తానులు, ఇద్దరు రాయలు, సాగనంపడంలో అదే లోపం! చరిత్ర ఇంత అచ్చుగుద్దినట్టు జరగదు. సంధి ఎందుకు చెడిందో తెలియని చోట, లేదా చెప్పడం ఇష్టంలేని చోట, ఫెరిస్తా మర్యాద లోపాన్ని తెచ్చి పెట్టాడని నా అనుమానం. అసలు కారణాలు రాయచూరు, ముద్గల్లు, కళ్యాణి కోటలు, వాటి కింది శిస్తు.

వివాదమంతా రామరాయల కాలం మీదే. పాతతరం చరిత్రకారులకు అతను అహంకారి, కొత్తతరం వారికి నిపుణుడైన రాజనీతిజ్ఞుడు. రాజకీయం మొదట నేర్చింది గోల్కొండ కొలువులోనే కాబట్టి అవతలి మనుషుల గుట్టు అతనికి తెలుసు. అన్న జంషీద్‌కు భయపడి పారిపోయి వచ్చిన ఇబ్రహీం కుతుబ్ షాను ఏడేళ్లు ఆదరించాడు. 1550లో ఇబ్రహీం గోల్కొండ గద్దెనెక్కాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పొగిడింది ఇతన్నే, అద్దంకి గంగాధరుడు 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఇతనికే. ఇన్ని అనుబంధాలున్న మనిషిని మతవైరి అనడం కుదరదు.

అలాగని అతన్ని శాంతికారుడనీ అనలేను. ఒకసారి అహ్మద్‌నగర్‌తో కలిసి బీజాపూర్ మీదికి, మరోసారి బీజాపూర్‌తో కలిసి అహ్మద్‌నగర్ మీదికి వెళ్లాడు. 1550ల నుంచి పోరాటాలు ఎక్కువగా కళ్యాణి, అహ్మద్‌నగర్ పరిసరాల్లోనే జరిగాయి. ఆదోని, గుత్తి రైతుకు అది ఊరట కాదనను. కానీ ఆ ఊరట వెల చెల్లించింది కృష్ణకు అవతలి రైతు. పైగా గెలిచిన ప్రతిసారీ అతను ఓడినవాడిని కించపరిచాడు. అహ్మద్‌నగర్ సుల్తాను హుస్సేన్ నిజాం షా కళ్యాణిని వదులుకోవడంతో పాటు, స్వయంగా వచ్చి రామరాయల చేతి తాంబూలం అందుకోవాలన్నది ఒక షరతు. అతను వచ్చి రామరాయల చేయి తాకాక, అందరి ముందే నీళ్లు తెప్పించుకుని చేతులు కడుక్కున్నాడట. 1520లో రాయచూరు గెలిచాక, ఆదిల్ షా వచ్చి తన పాదం ముద్దాడితేనే సంధి అని శ్రీకృష్ణదేవరాయలు అన్నట్టు పోర్చుగీసువాడైన నూనిజ్ రాశాడు. ఈ తాంబూలం ఆ ధోరణికి కొనసాగింపే.

చివరికి రామరాయల మీదికి వచ్చిన కూటమి కూడా ఒక సంధితోనే మొదలైంది. హుస్సేన్ కూతురు చాంద్ బీబీని అలీ ఆదిల్ షాకిచ్చి, ఇద్దరి మధ్య ఎడతెగని తగవుగా ఉన్న షోలాపూర్ కోటను కట్నంగా ఇచ్చారు. అలీ చెల్లెలు హుస్సేన్ కొడుక్కి భార్య అయింది. అంటే ఆ ఇద్దరూ తమ హద్దు తగవు తీర్చుకున్నారు. రామరాయలు అదొక్కటే చేయలేదు. 1565 జనవరిలో ఆ కూటమితో జరిగిన యుద్ధంలో అతని తల తెగింది. ఆశ్రయం పొందిన ఇబ్రహీం కూడా ఎదుటి సేనలోనే ఉన్నాడు. రాజధాని పెనుకొండకు తరలింది. మూడేళ్లకు ఆదోని బీజాపూర్ వశమైంది. యుద్ధం ఈ మెట్టనేలకు తిరిగొచ్చింది.

ఇప్పటి నాయకత్వాన్ని కూడా నేను, హద్దు తగవు తీరిందా అన్న ఇదే కొలతతో చూస్తాను. 1999 ఫిబ్రవరిలో వాజపేయి లాహోరుకు బస్సులో వెళ్లారు, వేసవికి కార్గిల్ వచ్చింది. 2015 డిసెంబరులో మోదీ లాహోరులో దిగారు, వారం తిరిగేసరికి పఠాన్‌కోట్ మీద దాడి జరిగింది. వెళ్లడం తప్పని నేననను. ఆ ఆలింగనాల మీద మనం పెట్టుకునే ఆశే అతి. ఎవరూ పట్టించుకోని 1988 ఒప్పందం మాత్రం పనిచేస్తూనే ఉంది. ఒకరి అణుకేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదన్న ఆ ఒప్పందం ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న భారత్, పాకిస్తాన్‌లు ఆ కేంద్రాల జాబితాలు మార్చుకుంటున్నాయి. యుద్ధాలను తట్టుకున్న 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని 2025 ఏప్రిల్‌లో, పహల్గామ్ హత్యాకాండ తర్వాత మన ప్రభుత్వం నిలిపివేసింది. ఆ కోపం న్యాయమైనదే, ఆ నిర్ణయం మాత్రం నాకు సమ్మతం కాదు. మరుసటి నెలలో నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో ప్రాణాలు పోయిన వారిలో పూంఛ్ పౌరులున్నారు, మన శ్రీ సత్యసాయి జిల్లా నుంచి వెళ్లిన జవానూ ఉన్నాడు.

తెలుగువాడైన పి.వి. నరసింహారావు 1993 సెప్టెంబరులో చైనాతో చేసుకున్న సరిహద్దు శాంతి ఒప్పందానికి మన దగ్గర రావలసినంత పేరు రాలేదు. ఊరేగింపులు లేకుండా, బలగాలను అదుపులో ఉంచే పద్ధతిని ఆయన కాగితం మీదికి తెచ్చారు. అది పాతికేళ్లకు పైగా శాంతిని కాపాడింది. కానీ వాస్తవాధీన రేఖ ఎక్కడుందో ఉభయులూ తేల్చుకోవాలన్న పని తర్వాతి ప్రభుత్వాల చేతుల్లో ఆగిపోయింది. మధ్య సెక్టారు మ్యాపులు తప్ప మిగతావి మార్చుకోలేదు. 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబుతో సహా ఇరవైమంది చనిపోయింది అలా తేల్చకుండా వదిలేసిన గీత దగ్గరే.