కుష్ఠులో నాడుల నష్టం
కుష్ఠు చర్మం మీద మచ్చగా కనబడినా అసలు దెబ్బ నరాలకే. దీన్ని కలిగించే మైకోబాక్టీరియం లెప్రే అనే క్రిమికి శరీరంలోని చల్లని చోట్లు అనుకూలం. అందుకే మోచేయి, మోకాలి పక్క, చీలమండల దగ్గర చర్మానికి చేరువగా సాగే నాడులు ముందు ఉబ్బుతాయి. క్రిమి నాడీతంతువులను చుట్టిన ష్వాన్ కణాల్లో చేరి తొడుగును చెడగొడుతుంది. అయితే ఎక్కువ నష్టం చేసేది మన రోగనిరోధక శక్తే. అది తిరగబడితే బిగువైన పొరలో వాచిన నాడికి రక్తం అందదు. వేడి, నొప్పి తెలియవు. ఆదిలాబాద్ పత్తి చేలో అరికాలికి ముల్లు దిగినా రైతు నడుస్తూనే ఉంటాడు, అది పుండవుతుంది.

నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో నెలకొల్పిన కుష్ఠు ఆసుపత్రిలో ఆనాడు నూనె సూదులే మందు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్స క్రిమిని చంపుతుంది, చచ్చిన నరాన్ని బతికించదు. వాపు మొదలైన ఆరు నెలల్లోపు దాన్ని తగ్గించే ప్రెడ్నిసొలోన్ మందు ఇస్తే స్పర్శ, పట్టు కొంత తిరిగి రావచ్చు.